మా జొన్న బొంతకెక్కింది: కుందేలు బ్లాక్ కుట్టిన నా అనుభవం

మా ఇంట్లో రెండు కుందేళ్లు, తెల్లది జొన్న, ఎర్రమట్టి రంగుది రాగి. అక్క కూతురికి కుట్టే బొంతలో నడిమధ్య వీటి బొమ్మ ఉండాలని ఎప్పట్నుంచో కోరిక, ఈ చలికాలం జొన్న బ్లాక్, అంటే బొంతలో అతికే బొమ్మ ముక్క, పూర్తయింది. నెట్‌లో కుందేలు ప్యాటర్న్‌లు బోలెడున్నాయి గానీ అన్నీ ఒకే మూస, గుండ్రటి తల, నిక్కబొడుచుకున్న చెవులు, మనకేసి చూసే కళ్లు. అవి ఏ కుందేలైనా కావచ్చు, నాకు మా జొన్నే కావాలి.

అందుకే గీయడం కన్నా చూడటానికే ఎక్కువ టైం పట్టింది. నేల మీద బోర్లా పడుకుని ఫోన్ దాని ఎత్తులో పెట్టి పక్కనుంచి ఫోటోలు తీశా, అప్పుడు తెలిసింది కళ్లు ఎంత పైకి, ఎంత పక్కకి ఉంటాయో, వెనకనుంచి పిల్లి వచ్చినా తల తిప్పకుండానే కనిపెడుతుంది, అదే ముక్కు ముందర కొత్తిమీర కాడ పెడితే మాత్రం కనపడక వాసన పట్టి పెదాలతో తడుముకుంటుంది. చెవులు కూడా అంతే, ఒకటి నా వైపు, ఇంకోటి వీధి గేటు వైపు. ఇంక గడ్డం కింద ఆడ కుందేళ్లకి వచ్చే మెత్తటి మడత. కన్ను, చెవులు, ఆ మడత, ఈ మూడు కుదిరితే అది జొన్నే, మిగతాది కొంచెం అటూ ఇటూ అయినా పర్లేదు అనుకున్నా.

గుడ్డలన్నీ ఇంట్లోవే. కింద గుడ్డకి అవ్వ పాత కాటన్ చీర, అచ్చం తాడిపత్రి బండ రంగు. అది కావాలనే తీసుకున్నా, ఎందుకంటే ఎండాకాలమంతా ఇవి బతికేది ఆ బండల మీదే, కుందేలుకి 30 డిగ్రీలు దాటితేనే కష్టం, ఒంట్లో వేడి చాలావరకు చెవుల్లోంచే బయటికి పోవాలి, మా అనంతపురంలో చూస్తే 40 దాటుతుంది. ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన నీళ్ల బాటిల్ పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకుంటాయి పాపం.

ఒంటికి నాయన పాత పంచె. తెల్ల గుడ్డ ఒక్క పొర వేస్తే కింద రంగు మురికి పట్టినట్టు పైకి కనపడుతుంది, అందుకని రెండు పొరలు వేశా, లోపలి పొరని బొమ్మ గీతకి పావు ఇంచ్ తక్కువగా కత్తిరించా, అంచు మడిచేటప్పుడు లావు కాదు. చెవి లోపలికి జాకెట్ లైనింగ్‌లో మిగిలిన లేత గులాబీ ముక్క. అన్నీ ముందే నానబెట్టి ఆరేసి ఇస్త్రీ చేశా, చీర రంగు వదుల్తుందేమో తడి తెల్ల గుడ్డతో రుద్ది చూశా.

బ్లాక్ బొంతలో చేరాక 12 ఇంచులు రావాలి, నాలుగు పక్కలా పావు ఇంచ్ కుట్టులోకి పోతుంది కాబట్టి 12.5 ఉండాలి. కానీ పైన బొమ్మ కుట్టేకొద్దీ కింద గుడ్డ దగ్గరికి లాగుతుంది, అందుకే మొదట 14 ఇంచులు తీసుకుని అంతా అయ్యాక కొలిచి కోశా. మా అవ్వకి ఈ లెక్కలు నచ్చలా. "ఏం మే, పాత చీరలు పరిచి టాకాలు వేస్తే బొంత కాదా, పావు ఇంచ్ పావు ఇంచ్ అని పానం తీస్తాండావు, తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు" అనింది. అవ్వ చేతి బొంతలు ఇరవై ఏళ్లు వాడినా చెక్కుచెదరవు, ఆమె మాట నిజమే, కానీ బ్లాకులు పక్కపక్కన అతకాలంటే పావు ఇంచ్ తప్పకూడదు. మిషన్ మీద సూదికి పావు ఇంచ్ దూరంలో టేప్ అంటించుకుంటే సులువు.

చెవులే అసలు పని. తలతో కలిపి ఒకే ముక్కగా కోస్తే రెండు చెవుల మధ్య సందు దగ్గర పోగులు వచ్చేస్తాయి, అందుకని విడివిడిగా కోసి మొదళ్లు తల ముక్క కిందికి తోశా. కొన దగ్గర ముందు పైన మడిచి, తర్వాత పక్కలు సూదితోనే లోపలికి నెడుతూ సన్న సన్న కుట్లు వేయాలి. కన్ను ఎర్ర దారంతో నింపి ఒక్క తెల్ల చుక్క పెట్టా, ఆ చుక్క పడంగానే మొహంలో ప్రాణం వచ్చింది, ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మీసాలకి ఒంటి పోగు చాలు. గడ్డం మడతకి వేరే ముక్క లేదు, తెలుపు మీద బూడిద రంగు దారంతో ఒక వంపు, అంతే.

కుందేళ్లున్న ఇంట్లో కుట్టేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, దారం ముక్క కూడా నేల మీద వదలొద్దు. దొరికిందల్లా కొరుకుతాయి, మింగితే వాంతి చేసుకోలేవు, పేగుల్లో ఇరుక్కుంటే ప్రాణానికే ప్రమాదం. నేను తలుపేసుకుని మంచం మీదే కుట్టి, లేచే ముందు గది ఊడ్చేదాన్ని.

ఇప్పుడు రాగి వంతు. అది మధ్యాహ్నం వెనక కాళ్లు చాపి, చెవులు వీపుకి ఆనించి నిలువునా పడుకుంటుంది, ఆ పోజే కావాలి, 12 ఇంచుల చదరంలో పట్టదు కాబట్టి దీనికి 12 బై 18 పెడుతున్నా, అంటే గుడ్డ 14 బై 20 తీసుకోవాలి. ఆ రంగు గుడ్డ అవ్వ పెట్టెలో ఒక జాకెట్ ఉంది, అడగాలి.