ఆరుద్ర కార్తెలో ఒక ఆదివారం

జూన్ 28, హనుమకొండ

మృగశిర అంతా ఉరుములతోనే గడిచిపోయింది. అసలు వాన నిన్న సాయంత్రం పడింది. వెలిశాక వరండా లైటు చుట్టూ ఉసుళ్లు కమ్ముకుంటే, అన్నంలో పడతాయని అత్తమ్మ లైటు తీసేయించింది. చీకట్లో టార్చి పట్టుకుని చూస్తే గచ్చు నిండా రాలిన రెక్కలు. రెక్కలు రాల్చుకున్న ఉసుళ్లు జంటలుగా, ఒకదాని వెనక ఒకటి అంటిపెట్టుకుని నడుస్తున్నాయి. ముందు నడిచేది ఆడది, వెనక మగది. నేలలో సందు దొరికితే దిగిపోయి అక్కడ కొత్త కాపురం పెడతాయి. లేచిన వేలల్లో అంతదాకా వెళ్లేవి చాలా తక్కువ. మిగతావి బల్లులకు, కప్పలకు, తెల్లారితే కాకులకు ఆహారం. వాటిని నాలుగు ఫోటోలు తీసి పడుకున్నాను.

ఉసుళ్లు లేచాయంటే తెల్లారి ఆరుద్ర పురుగుల కోసం వెతకాల్సిందే. ఉసుళ్లంటే రెక్కలొచ్చిన చెదపురుగులే, నేలలో ఉండే చెదపురుగులు ఆరుద్రలకు తిండి. రెండూ ఒకే వాన తడికి పైకొస్తాయి. అందుకని ఐదున్నరకే లేచాను. కెమెరాని రాత్రే ఏసీ గదిలోంచి తీసి హాల్లో పెట్టుకున్నాను. ఈ రోజుల్లో ఏసీ గది నుంచి నేరుగా బయటికి తెస్తే లెన్సు మీద ఆవిరి పట్టేసి, అది ఆరేలోపు మంచి వెలుతురు కాస్తా పోతుంది.

మా ఇంటి పక్కన ఒక ఖాళీ ప్లాటు ఉంది. ఓనరు హైదరాబాద్‌లో ఉంటారు. ప్లాటు చుట్టూ హద్దురాళ్లు, మధ్యలో జిల్లేడు, తంగేడు, గడ్డిచామంతి, ఎంత పీకినా మళ్లీ మొలిచే వయ్యారిభామ, ఒక మూల పెద్ద వేపచెట్టు. నేను తీసే ఫోటోల్లో చాలా భాగం ఆ ప్లాటులోవి, మా పెరట్లోవి. చలికాలంలో బాతుల కోసం వడ్డేపల్లి చెరువుకి వెళ్తాను, పాకాల చెరువుకీ వెళ్లొస్తుంటాను. అక్కడ మంచి పక్షి కనిపిస్తే ఆ రోజు పండగే. కానీ నిన్న అది ఎక్కడుంది, రేపు ఏం చేస్తుంది అన్నది నాకు ఎప్పటికీ తెలియదు. ఇక్కడైతే తెలుస్తుంది. నాకు ఫోటో కన్నా ఆ తెలియడమే ఎక్కువ ఇష్టం.

ఆరుద్రలు ఉన్నాయి! జిల్లేడు మొదట్లో, ఎర్రమట్టి ఇంకా తడిగా ఉన్నచోట మూడు, కాస్త ఎడంగా ఇంకొన్ని. యూరియా సంచి పరుచుకుని బోర్లా పడుకున్నాను. నిలబడి పైనుంచి తీస్తే అది ఒట్టి ఎర్ర చుక్క. దాని ఎత్తుకు దిగితేనే ముందుకాళ్లతో మట్టిని తడుముకుంటూ రావడం కనిపిస్తుంది. అంత దగ్గరలో, చిన్నవాటిని పెద్దగా తీసే మాక్రో లెన్సుకి ఫోకస్‌లో ఉండేది మిల్లీమీటరు మందం మాత్రమే. ఊపిరి బిగపట్టినా మనిషి కదులుతూనే ఉంటాడు కాబట్టి, ఫోకస్ రింగు తిప్పకుండా ఒంటినే ముందుకీ వెనక్కీ జరుపుతూ వరసగా తీయాలి.

ఆరుద్రతో ఇంకో చిక్కుంది. ఆ ఎరుపు కెమెరాకి లొంగదు. స్క్రీన్ మీద అంతా బాగున్నట్టే ఉంటుంది కానీ ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే మఖమల్ నూగు మాయమై ఎర్ర ముద్ద మిగులుతుంది. హిస్టోగ్రామ్‌లో, అంటే కెమెరా చూపించే వెలుగు గ్రాఫులో, ఎరుపు గీత ఒక్కటే కుడివైపు గోడకు కొట్టుకుపోయి ఉంటుంది. అందుకే ఎక్స్‌పోజరు ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుగు సగం చేసి, తీస్తాను. మట్టి కొంచెం నల్లగా వస్తుంది, రానీ. ఒక్కో వెంట్రుకా విడివిడిగా కనిపించాలి, ఆ పురుగు అందమంతా అక్కడే ఉంది.

చిన్నోడు లేచి నిక్కరు మీదే వచ్చేశాడు. మా చిన్నప్పుడైతే అగ్గిపెట్టెలో మట్టి పోసి వీటిని దాచుకునేవాళ్లం. వాడికి కెమెరా స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించాను. కాళ్లు లెక్కపెట్టాడు. "ఎనిమిది ఉన్నయ్ అమ్మా, సాలెపురుగు లెక్క!" అన్నాడు. సరిగ్గా పట్టుకున్నాడు. ఇవి సాలీళ్ల, తేళ్ల వర్గంలోవే. పిల్లగా ఉన్నప్పుడు ఆరు కాళ్లే ఉంటాయని, అప్పుడు మిడతల్లాంటి వాటి ఒంటికి అంటుకుని బతుకుతాయని చెప్పాను. అంతే, ప్లాటులో మిడతలన్నిటినీ పట్టి చూడాలని బయల్దేరాడు. పట్టుకోకుండా చూడాలని ఒప్పందం చేసుకున్నాం.

ఏడు గంటలప్పుడు పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గరికి వెళ్లాను. ఈ నెల మొదటి నుంచీ ఆ చెట్టు మీద నిమ్మ సీతాకోకచిలుక పిల్లల్ని చూస్తున్నాను. గుడ్డులోంచి వచ్చినప్పుడు అచ్చం పిట్ట రెట్టలా, నలుపు తెలుపు మచ్చలతో ఉంటాయి. పిట్టలు వాటిని చూసీ చూడనట్టు వదిలేస్తాయి. పెరిగాక ఆకుపచ్చగా మారిపోతాయి. అప్పుడు పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగులో చీలిన కొమ్ములాంటిది బయటికొచ్చి ఘాటైన వాసన వేస్తుంది. "చెట్టు మొత్తం బోడి చేస్తున్నయ్, తీసి పారేయరాదు?" అని అత్తమ్మ రోజూ అంటుంది. చారులోకి ఆకు కావాలంటే ఎదురింటి నుంచి తెస్తానని చెప్పి నెట్టుకొస్తున్నాను. కరివేపాకు మళ్లీ చిగురిస్తుంది. అది సీతాకోకచిలుకల్ని పెంచినా కొన్నాళ్లకి కోలుకుంటుంది.

ఆ పురుగుల్లో ఒకటి కింది కొమ్మకి నడుం చుట్టూ సన్నటి పట్టుదారం కట్టుకుని ప్యూపాగా మారింది. చుట్టూ పచ్చగా ఉంటే పచ్చగా, ఎండుకొమ్మ మీదైతే గోధుమ రంగులో ఉండటం వీటికి మామూలే. ఇది పచ్చది. రెండు రోజులుగా రంగు తేడాగా ఉందని చూస్తూనే ఉన్నాను. సీతాకోకచిలుక బయటికి రాబోతుంటే ప్యూపా తొక్క పలచబడి లోపలి రెక్కల నలుపు, పసుపు కనిపిస్తాయి. దీనిలో అది కనిపించలేదు. మొత్తం ఒకే రకంగా మట్టిరంగుకి తిరిగింది. ఇవాళ పొద్దున పక్కన గుండుసూదంత రంధ్రం ఉంది. ఆ రంధ్రంలోంచి రెండు మూడు మిల్లీమీటర్ల కందిరీగలు ఒకటొకటిగా బయటికి వస్తున్నాయి. ఒంటి మీద ఆకుపచ్చ లోహపు మెరుపు.

తల్లి కందిరీగ ప్యూపా ఇంకా మెత్తగా ఉన్నప్పుడు దానిలో గుడ్లు పెట్టి వెళ్తుంది. పిల్లలు లోపలే తిని, పెరిగి, ఇలా బయటికొస్తాయి. పుస్తకాల్లో చదివాను. మా చెట్టు మీద కళ్లారా చూడటం ఇదే మొదటిసారి. నాకు బాధేసింది, ఆ పురుగుని పిట్టరెట్టలా ఉన్నప్పటి నుంచీ ఎరుగుదును. కానీ కెమెరా దించలేదు. తెల్లటి ఫోమ్ షీటుతో ఫ్లాషు వెలుగుని మెత్తబరిచి, ఒక కందిరీగ తల బయటపెట్టి మీసాలు దులుపుకుంటుండగా తీశాను. ఇవాళ్టి ఫోటోల్లో నాకు బాగా నచ్చింది అదే. మా పెరట్లోని నిమ్మచెట్టూ కరివేపాకూ ఇంకా నిలబడి ఉన్నాయంటే అందులో ఈ కందిరీగల వాటా కూడా ఉంది. మా వీధిలో ఎవరైనా పురుగుమందు కొడుతుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇవే. మందుకి సీతాకోకచిలుక పురుగు చస్తుంది, దాన్ని అదుపులో పెట్టేవీ చస్తాయి. పురుగు మళ్లీ వస్తుంది, ఇవి రావడానికి మాత్రం చాలా ఆలస్యమవుతుంది.

టిఫిను ఉప్మాతో సరిపెట్టాను. నందివర్ధనం మీద గన్నేరు హాక్ మాత్ (సీతాకోకచిలుక లాంటి రెక్కల పురుగు) గొంగళిపురుగు ఉందని అందరికీ చూపించాను. పచ్చటి ఒళ్లు, తల వెనక నీలం కళ్లలాంటి రెండు మచ్చలు. త్వరలో కిందికి దిగి రాలిన ఆకుల్లో ప్యూపాగా మారుతుంది కాబట్టి చెట్టు కింద ఊడ్వొద్దని పనావిడకీ చెప్పాను.

పదిన్నరకి మబ్బు మళ్లీ కమ్ముతుండగా వేపచెట్టు వైపు నుంచి ఆ కూత వినిపించింది. "పియూ... పీ-పీ-పియూ" అని లోహం మీద కొట్టినట్టు ఖంగుమనే పిలుపు. చేతిలో బట్టలు అక్కడే వదిలేసి దూరంవి తీసే 70-300 లెన్సు మార్చుకుని డాబా ఎక్కాను. చాతకం. తల మీద నల్లటి జుట్టు నిక్కబొడుచుకుని, పైన నలుపు, కింద తెలుపు, కరెంటు తీగ మీద గాలికి ఊగుతూ కూర్చుంది. ఈ ఏడు మా వీధిలో ఇదే మొదటిది.

చిన్నప్పుడు తెలుగు వాచకంలో చాతకం అంటే వాన చినుకు కోసం నోరు తెరుచుకుని ఎదురుచూసే పక్షి. అది అలా పేరు తెచ్చుకోవడంలో న్యాయం ఉంది, ఎందుకంటే నిజంగానే మేఘాలతో పాటు వస్తుంది. ఉత్తర, మధ్య భారతానికి వచ్చేవి ఆఫ్రికా నుంచి నైరుతి గాలుల దారిలో అరేబియా సముద్రం దాటి వస్తాయి. దక్షిణాదిలో ఏడాదంతా ఇక్కడే ఉండే రకం కూడా ఉంది. వానలతో గొంగళిపురుగులు పుడతాయి, వాటిని ఇది ఇష్టంగా తింటుంది, వెంట్రుకలున్న వాటిని కూడా. బాబ్లర్లు, అంటే గుంపుగా తిరిగే మట్టిరంగు పిట్టలు, గూళ్లు కట్టేదీ ఇప్పుడే. చాతకం గూడు కట్టదు, వాటి గూళ్లలో గుడ్డు పెడుతుంది. బాబ్లర్ గుడ్డు నీలం, దీని గుడ్డూ నీలమే.

తీగ మీద కూస్తున్నది ఒక్కటే అనుకున్నాను. కాసేపటికి ప్లాటులోని బాబ్లర్ల గుంపంతా గోలగోలగా లేచి దాని మీదికి వెళ్లింది. అది పెద్దగా బెదరకుండా ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి ఎగురుతూ వాటిని వెనకాల తిప్పుకుంది. అప్పుడు చూశాను, వేపచెట్టు కింది కొమ్మల్లో రెండో చాతకం, అస్సలు చప్పుడు లేకుండా. మగది గూడున్న పిట్టల్ని అటు లాక్కెళ్తే ఆడది ఇటు పని చూసుకోవడం ఈ పక్షుల్లో తెలిసిన విషయమే. లోపల ఏం జరిగిందో చూడటానికి నేను కిందికి దిగలేదు. గూడు ఎక్కడుందో నాకు సుమారుగా తెలుసు, దాని దగ్గరికి వెళ్లను, ఫోటో తీయను. మనం ఎక్కడ ఆగి తలెత్తి చూస్తున్నామో కాకులు గమనిస్తాయి. జెముడుకాకి అయితే మరీ. ఆకులు పక్కకి తప్పించి తీసే గూళ్ల ఫోటోలు చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ ఆకే కదా పిల్లలకి ఎండ తగలకుండా, శత్రువుకి కనపడకుండా కాపాడేది. ఫోనులో కూత వినిపించి పక్షిని దగ్గరికి రప్పించేవాళ్లూ ఉన్నారు. ఈ కాలంలో ప్రతి గంటా వాటికి ముఖ్యం, లేని పోటీదారు కోసం దాన్ని పరిగెత్తించడం తప్పు.

నలుపు తెలుపు పక్షి, వెనక బూడిదరంగు ఆకాశం. కెమెరాకి వదిలేస్తే మొత్తం నీడబొమ్మగా వస్తుంది. ఎక్స్‌పోజరు ఒక స్టాప్ పెంచాను, పొద్దున ఆరుద్రకి చేసినదానికి సరిగ్గా తిరగేసి. షట్టరు సెకనులో వెయ్యో వంతు, ఐఎస్ఓ (వెలుతురు తక్కువైతే పెంచుకునే అంకె) 1600 దాకా పోయింది. ఎగిరినప్పుడు రెక్క మీద తెల్లటి పట్టీ విప్పారిన ఫ్రేము ఒక్కటి దొరికింది. కొంచెం గ్రెయిన్ (చుక్కల గరుకు) ఉంది, తోక చివర తీగ అడ్డొచ్చింది. అయినా దాని వెనకాల ముక్కు తెరిచి అరుస్తున్న బాబ్లరూ అదే ఫ్రేములో ఉంది, నాకు అంతకన్నా ఏం కావాలి.

డాబా మీద నన్ను చూసి పక్కింటి అవ్వ కేకేసింది. "ఏం దొరికింది బిడ్డా ఇయ్యాల?"

"చాతకం వచ్చిందవ్వా."

"అగో, ఇంక నాట్లు పడ్తయ్ తియ్!"

అవ్వ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఈ కూత విని వానల లెక్క చూసుకునేవారట. ఫోటో చూపిస్తే కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. కూత ఎరుగును గానీ మనిషిని ఇంత దగ్గరగా ఇప్పుడే చూస్తున్నానంది. పక్షిని "మనిషి" అనడం నాకు ఎంతో నచ్చింది.

మధ్యాహ్నం వాన, నిద్ర, స్కూలు పేపర్లు దిద్దడం.

రాత్రి కూర్చుని ఫోటోలు ఏరాను. చాతకం జంటని సమయంతో సహా పక్షుల లెక్కలు పెట్టే ఈబర్డ్‌ సైటులో ఎక్కించాను, కందిరీగల్ని, హాక్ మాత్ పురుగుని అన్ని జీవుల ఫోటోలూ పెట్టే ఐనేచురలిస్ట్‌లో పెట్టాను. గూడున్న చోటు రాయలేదు. పోయినేడు ఇదే వారంలో తీసిన ఫోల్డరు తెరిస్తే అందులోనూ వేపచెట్టు, అదే తీగ, చాతకం. అంతకు ముందటేడూ ఉంది. మా వెనక ప్లాటు ఫోటోలు కూడా ఉన్నాయి. జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకలు, మిడతల కోసం స్తంభం మీద కాచుకుని కూర్చునే పాలపిట్ట. పోయిన వేసవిలో అక్కడికి జేసీబీ వచ్చింది, ఇప్పుడు మూడంతస్తుల ఇల్లు ఉంది. అందులో ఉండేవాళ్లు మంచివాళ్లే. పాలపిట్ట మాత్రం మళ్లీ రాలేదు.

ఈ ప్లాటులోనూ శ్రావణంలో ముగ్గు పోస్తారని అవ్వ చెప్పింది. కట్టుకోవద్దని అడిగే హక్కు నాకు లేదు, వాళ్ల స్థలం వాళ్లది. వేపచెట్టు గురించి మాత్రం అడగొచ్చు. అది నైరుతి మూలన ఉంది, వాస్తుకి అడ్డు రాదు, పైగా బరువు అటువైపు ఉండటమే మంచిదంటారు. సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ ఖాళీ జాగా, ఎలాగూ వదలాలి కాబట్టి గోడని ఐదారడుగులు ఇటు జరిపితే చాలు. కొలతలు రేపు టేపుతో చూసి ఉంచుతాను. చాతకం ఫోటో ఎ4 సైజులో ప్రింటు తీయించి, కింద ఈ మూడేళ్ల తారీఖులు రాసి, ఓనరు గారు ఈసారి వచ్చినప్పుడు వాళ్లావిడ చేతికే ఇస్తాను. పోయినసారి వచ్చినప్పుడు ఆ చెట్టు నీడలోనే కుర్చీ వేయించుకుని కూర్చున్నది ఆవిడే.