మూడు పికప్పుల్లో ఒకటి మూగది

నాకు పాత ఎలక్ట్రిక్ గిటార్ అమ్మినాయన నోట్లోంచి వచ్చిన మొదటి మాటే అది. "బ్రిడ్జ్ దగ్గరి పికప్ పోయింది బాబూ, ముందే చెప్తున్నా, తర్వాత నన్నడగొద్దు." పికప్ అంటే తీగల కింద ఉండి వాటి కదలికని యాంప్‌కి అందించే అయస్కాంతపు తీగచుట్ట, బ్రిడ్జ్ అంటే తీగల కింది కొసలు ఆనే దిమ్మ. పాత సామాను అమ్మేవాళ్ళు ఉన్న రోగాన్ని దాచిపెట్టడం చాలాసార్లు చూశాను గానీ, లేని రోగాన్ని అంటగట్టి మరీ అమ్మిన మనిషిని ఈయన్నే చూశాను. పాపం ఆయనకీ తెలియదు. నాకు తెలియడానికి మూడు వారాలు పట్టింది.

గిటార్ 1960ల నాటిది, జపాన్ సరుకు. తల మీద పేరు లేదు, పేరుపట్టీ ఎప్పుడో ఊడిపోయి రెండు చిన్న రంధ్రాలు మాత్రం మిగిలాయి. పేరున్నా పెద్దగా తేలేది ఉండదు, ఎందుకంటే అప్పట్లో అక్కడి ఫ్యాక్టరీలు ఒకే గిటార్‌కి, తెప్పించుకునేవాళ్ళు ఏ పేరు అడిగితే ఆ పేరు తగిలించి ఎగుమతి చేసేవి. టైస్కో, గుయాటోన్ లాంటి సొంత పేర్లూ ఉండేవనుకోండి. టైస్కోని 1967లో కవాయ్ కొనేసింది. చాలాకాలం వీటిని ఎవరూ పట్టించుకోలేదు, పిల్లలు నేర్చుకోవడానికి కొనిచ్చే చవక గిటార్లుగానే చూశారు. అమెరికన్ గిటారిస్టు రై కూడర్ తన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్‌లో టైస్కో గోల్డ్ ఫాయిల్ (ముఖం మీద బంగారు రంగు రేకు ఉండే) పికప్ బిగించుకున్న సంగతి జనానికి తెలిశాక వీటి రాత మారింది, ఆ ఒక్క పికప్ కోసం గిటార్లకి గిటార్లే విప్పి పారేసినవాళ్ళున్నారు. నాకది దొంగతనంలాగే అనిపిస్తుంది, ఎవరి గిటార్ వాళ్ళ ఇష్టం అనుకోండి.

పాత అమెరికన్ గిటార్లయితే వయసు చెప్పే కొండగుర్తు ఒకటుంది. లోపల వాల్యూమ్, టోన్ పాట్ల (పైన తిప్పే గుండీలకి కింద ఉండే భాగాల) వెనక ఒక అంకె కొట్టి ఉంటుంది. 1376632 అని ఉందనుకోండి, 137 అంటే తయారు చేసింది సీటీఎస్ కంపెనీ, 66 అంటే 1966, చివరి 32 అంటే ఆ ఏడాది 32వ వారం. గిటార్ అంతకన్నా పాతది కాదని దానితో తేలిపోతుంది, పాట్ ఎవరూ మార్చకపోతేనే లెండి. నా గిటార్‌లో అలాంటిదేమీ లేదు. నెక్ (గిటార్ మెడ) మడమ మీద, అంటే అది ఒంటికి బిగిసే కొస మీద, పెన్సిల్‌తో రాసిన ఒక జపనీస్ అక్షరం, దాని పక్కన 3 అనే అంకె, అంతే. బల్ల దగ్గర కూర్చుని అది రాసినాయన ఎవరో అని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

కొనేముందు నేను చూసేవి మూడే. తీగలు వదులు చేయొద్దని అమ్మేవాళ్ళకి ముందే చెప్తాను, తీగల లాగుడు లేనప్పుడు ఏ నెక్ అయినా బుద్ధిగానే కనిపిస్తుంది. తర్వాత గిటార్‌ని తుపాకీలా ఎత్తి ఒక కన్ను మూసి నెక్ అంచు వెంబడి చూడాలి, ఎక్కడ వంగిందో, ఎక్కడ మెలితిరిగిందో కనిపిస్తుంది. అనుమానం ఉంటే ఒక తీగని మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే సన్న లోహపు కమ్మీ) దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కిపట్టి మధ్యలో ఎంత సందు ఉందో చూస్తే సరి, తీగే స్కేలు. మూడోది, యాంప్‌కి (శబ్దం పెంచే పెట్టెకి) కలిపి ఒక్కో పికప్ మీద స్క్రూడ్రైవర్ మొనతో చిన్నగా తట్టడం. బతికున్న పికప్ టక్‌మంటుంది. నా దాంట్లో మొదటి రెండూ టక్ టక్, మూడోది మౌనం. నెక్ ముందుకి కొద్దిగా వంగి ఉంది, తీగలు 12వ ఫ్రెట్ దగ్గర 4 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్నాయి, వేళ్ళు తెగేలా. అయినా తీసుకున్నాను. ఎందుకంటే ఏం చెప్పను, దాని ముఖం మీద వరసగా మూడు మీటలు, ఒక్కో పికప్‌కి ఒకటి, వాటిని ఆన్ ఆఫ్ చేస్తుంటే వచ్చే ఆ కటక్ కటక్ శబ్దానికి పడిపోయాను.

ఇంటికొచ్చాక తీగలు తీసి, పిక్‌గార్డ్ (గిటార్ ముఖం మీది ప్లాస్టిక్ పలక) మరలు ఒక్కోటీ విప్పి, ఏ మర ఎక్కడిదో అట్టముక్క మీద గిటార్ బొమ్మ గీసి ఆ చోటే గుచ్చాను. పాత గిటార్ విప్పేవాళ్ళు ఈ ఒక్క పని చేస్తే చాలు, సగం టెన్షన్ పోతుంది, అన్ని మరలూ ఒకే పొడవు ఉండవు. లోపల అరవై ఏళ్ళ దుమ్ము, ఒక విరిగిన పిక్ ముక్క, రెండు ఎండిపోయిన చీమలు. వైర్ల మీద గుడ్డ తొడుగు. ఎవరో ఒకసారి టంకం పెట్టడానికి చూసి సగంలో వదిలేసిన గుర్తులు.

యాంప్ కేబుల్ గుచ్చే జాక్‌లో కేబుల్ పెట్టి, రెండో కొస దగ్గర, కరెంటుకి ఎంత అడ్డు ఉందో చూపే మల్టీమీటర్ ఆనించి, వాల్యూమ్ పూర్తిగా పెంచి చూశాను. మొదటి పికప్ 6.1 కిలో ఓమ్స్, రెండోది 6.0. మూడో మీట ఒక్కటే వేస్తే 500 కిలో ఓమ్స్‌కి దగ్గర్లో ఏదో అంకె. అది పికప్ కాదు, వాల్యూమ్ పాట్, దారిలో పికప్ అనేదే లేనట్టు లెక్క. ఇంకేముంది, పికప్ లోపలి కాయిల్ (తీగచుట్ట) తెగిపోయింది అనుకున్నాను. అనుకోవడంలో తప్పు లేదు కూడా, పికప్పుల్లో చుట్టే రాగి తీగ మామూలుగా 42 గేజ్, అంటే 0.06 మిల్లీమీటర్ల మందం, తల వెంట్రుక లాంటిది. అలాంటిది వేల చుట్లు. ఏ చెమటో తేమో చేరి ఒక్కచోట తుప్పు తిన్నా కథ ముగిసినట్టే. పాత చుట్టంతా తీసేసి కొత్త తీగ చుట్టించాలి.

అలా చుట్టి ఇచ్చే ఒకాయనకి ఫోన్ చేశాను. అంతా విని ఆయన అడిగింది ఒకటే, "మీటర్ ఎక్కడ పెట్టి చూశారు?" "జాక్ దగ్గరండీ." "పికప్ వైర్ల దగ్గర పెట్టి చూసి అప్పుడు మాట్లాడండి" అని పెట్టేశారు. కోపం వచ్చింది గానీ చూశాను. మూడో మీట ఆఫ్‌లో ఉంచి, పికప్ వైరు మీటకి కలిసేచోట ఒక ప్రోబ్, గ్రౌండ్ మీద ఇంకోటి. 6.3 కిలో ఓమ్స్. పికప్ నిక్షేపంలా ఉంది. పోయింది మీట. లోపలి రేకులు నల్లగా మాడినట్టు అయిపోయి ఒకదానికొకటి తగలడం లేదు. కాయిల్ తెగినా, మీట తగలకపోయినా జాక్ దగ్గర మీటర్ చెప్పేది ఒకే మాట. కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు పిచికారీ చేసి మీటని ఓ యాభై సార్లు అటూ ఇటూ ఆడించాను. యాంప్ ఆన్ చేసి స్క్రూడ్రైవర్‌తో తట్టాను. టక్.

గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు చూడండి, నేను గొడ్డలికి ఆర్డర్ ఇవ్వబోయాను. ఆ పికప్ విప్పి తిరగ చుట్టించి ఉంటే, చక్కగా ఉన్న అరవై ఏళ్ళ చుట్టుని చేజేతులా పారేసేవాణ్ణి, తెచ్చి బిగించాక అది మళ్ళీ మూగగానే ఉండేది.

బ్రిడ్జ్ కింద నుంచి రావాల్సిన గ్రౌండ్ వైరు కూడా తెగి ఉంది, తీగల మీద చెయ్యి వేసినా రొద తగ్గకపోవడానికి కారణం అదే. దాన్ని అతికించడం పది నిమిషాల పని.

నెక్ సంగతి అంత తేలిగ్గా తేలలేదు. ఇప్పటి గిటార్లలో నెక్ లోపల ట్రస్ రాడ్ ఉంటుంది, చిన్న కీ పెట్టి తిప్పి వంపు సరిచేసుకోవచ్చు. నా దాంట్లో ఉన్నది ఉత్త ఇనప కమ్మీ, తిప్పడానికేం లేదు. వేడి పెట్టి బిగించి సరిచేసేవాళ్ళున్నారు, నాకు ధైర్యం చాల్లేదు. అందుకని రెండు పనులు చేశాను. ఒకటి, తీగలు పలచవి వేశాను. 25.5 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు) మీద 10-46 సెట్టు (అన్నిటికన్నా సన్న తీగా లావు తీగా అంగుళంలో వెయ్యో వంతుల్లో ఎంత మందమో చెప్పే అంకెలు) మామూలు శృతిలో నెక్‌ని 47 కిలోల దాకా లాగుతుంది, 9-42 అయితే 39 దగ్గర ఆగుతుంది. నా గిటార్ స్కేలు ఇంకాస్త పొట్టి, కాబట్టి ఇంకొంచెం తక్కువే. తీగలు మార్చిన రెండు రోజులకి నెక్ వంపు కొద్దిగా వెనక్కి తగ్గింది. రెండోది, నెక్ విప్పి, అది కూర్చునే గుంటలో బ్రిడ్జ్ వైపు అంచున అర మిల్లీమీటరు పలచని చెక్క ముక్క పెట్టాను. చూడ్డానికి ఏమీ కాదు గానీ, నెక్ కోణం మారి బ్రిడ్జ్ దగ్గర ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల తేడా ఇస్తుంది. వంపుని ఇది సరిచేయదు, తీగల ఎత్తుని దారిలో పెడుతుంది. ఇప్పుడు 12వ ఫ్రెట్ దగ్గర తీగలు మునుపటికన్నా కిందికి దిగాయి.

ఫ్రెట్లు మెరుగు పెట్టేటప్పుడు ఒక చెత్త పని చేశాను. సున్నితమైన స్టీల్ ఊల్‌తో రుద్దుతూ, పికప్పుల మీద టేప్ వేయడం మర్చిపోయాను. పికప్ అంటేనే అయస్కాంతం కదా. రాలిన ఇనప నూగంతా వెళ్ళి వాటికి గడ్డంలా మొలిచింది. దాన్ని టేప్‌తో అద్ది అద్ది తీయడానికి సాయంత్రం మొత్తం పోయింది.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. పిక్‌గార్డ్ తిరిగి బిగిస్తూ, పాత ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుందని తెలిసీ ఒక మర కొంచెం ఎక్కువ తిప్పాను. టిక్‌మంది. మూల దగ్గర అంగుళం పగులు. అరవై ఏళ్ళు ఎవరెవరి చేతుల్లోనో బతికి నా చేతిలో పగిలింది.

రంగు విషయంలో చాలామంది చాలా చెప్పారు. ఒళ్ళంతా వెంట్రుకవాసి పగుళ్ళు, కింద మోచెయ్యి ఆనేచోట రంగు పోయి చెక్క కనిపిస్తోంది. గీకేసి కొత్తగా వేయించమన్నారు. పేరున్న పాత గిటార్లకి అలా రంగు వేయిస్తే ధర సగానికి పడిపోతుందన్నది ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళ లెక్క. నా దానికి పడిపోవడానికి పెద్ద ధరేం లేదు, అయినా వేయించలేదు. లైటర్‌లో పోసే ద్రవం గుడ్డకి కొద్దిగా తడిపి జిడ్డు తుడిచాను, గుడ్డ నల్లగా వచ్చింది, కింద ఎరుపు బయటపడింది. అదీ నల్లటి అంచు నుంచి మధ్యలోకి పలచబడుతూ వచ్చే ఎరుపు. అప్పటిదాకా గోధుమరంగు గిటార్ కొన్నాననే అనుకుంటున్నాను.

పలుకు ఎలా ఉందంటే, మొదటి పికప్ గుండ్రంగా, కొంచెం మత్తుగా. మధ్యది నాకు నచ్చలేదు. బ్రిడ్జ్ దగ్గరిది, అదే, పోయిందన్నది, మూడింట్లోకీ బాగా పలుకుతోంది, సన్నగా, కాస్త గరుకుగా, కొస దగ్గర చిన్న జీరతో. దాని మీట మాత్రం వారం రోజులు ముట్టుకోకపోతే మళ్ళీ మొండికేస్తుంది, రెండు మూడుసార్లు కటకటలాడిస్తే గానీ దారికి రాదు. కొత్త స్విచ్ వేయమని చూసినవాళ్ళంతా అంటున్నారు. కొత్తవి మెత్తగా పడతాయి, ఆ శబ్దం రాదు. వేయను.