ఫొటోల పోటీకి జడ్జిగా కూర్చుంటే

నిన్న మా కాలనీలో పెట్టిన ఫొటోల పోటీకి జడ్జిగా వెళ్లాను. టాపిక్ 'మన హైదరాబాద్'. వచ్చినవాటిలో సగానికి పైగా చార్మినార్లే. 1591 నాటి ఆ కట్టడం ఎన్నిసార్లు చూసినా అందమే. కానీ అదే యాంగిల్, అదే సాయంత్రం, మరీ ముదిరిపోయిన నీలి ఆకాశం వరసగా వస్తుంటే చూపు నిలవదు.

ఒక ఫొటో దగ్గర మాత్రం జడ్జీలందరం ఆగిపోయాం. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే ఒకాయన చేతులు. మొహం లేదు. సెగకు మెత్తబడిన లక్క, దాని మీద ఒక్కో రాయినీ అద్దుతున్న వేళ్లు, గోళ్ల సందుల్లో రంగు. ఫోకస్ సరిగ్గా ఆ రాయి మీదే! ఫోన్‌తో తీసిందట. నీడల్లో నాయిజ్ ఉందని, అంటే వెలుతురు చాలక సన్నటి చుక్కలు పడ్డాయని, తోటి జడ్జి మార్కులు తగ్గించబోతే నేను గట్టిగా వాదించాను. ఆ కొట్లో ఉన్న వెలుతురే అంత. ఫ్లాష్ వేస్తే నిప్పుల ఎర్రదనం కాస్తా పోయేది.

మొదటి బహుమతి దానికే ఇచ్చాం. తీసింది ఇంటర్ చదువుతున్న అమ్మాయి. ఒక ప్రింటు ఆ గాజులాయనకు ఇచ్చి రమ్మన్నాను.

ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ గాజు ప్లేట్ల మీద తీసేవారు. ప్లేటు పెట్టేముందే ఏం తీయాలో తేల్చుకోవాలి. ఇప్పుడు ఒక్కొక్కరూ పదేసి ఫొటోలు పంపేసి, ఎంచే పని మాకు వదిలేస్తున్నారు. వచ్చేసారి మనిషికి రెండే తీసుకోండని నిర్వాహకులకు చెప్పాను. ఒప్పుకున్నారు.