రెడ్ క్యాప్, ఆరెంజ్ క్యాప్

ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు. రెడ్ క్యాప్‌ది ఒక మిల్లీలీటరులో 40 యూనిట్ల మందుండే వయల్‌కి (సీసాకి), ఆరెంజ్ క్యాప్‌ది మిల్లీలీటరులో 100 యూనిట్లుండే వయల్‌కి. నర్సింగ్ చదివేవాళ్లందరికీ ఇది తెలుసు, నాకూ తెలుసు. కానీ జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చివరి ఏడాది, వరసగా తొమ్మిదో నైట్ డ్యూటీ, పొద్దున్న ఆరున్నర, 32 బెడ్లకి ఒక స్టాఫ్ సిస్టరూ మేమిద్దరం స్టూడెంట్లం. ట్రేలో రెడ్ క్యాప్‌లు అయిపోయాయి. చేతికి దొరికిన ఆరెంజ్ సిరంజితో 40 వయల్‌లోంచి ఇరవై గీత దాకా లాగి ఇచ్చేశాను. అంటే ఇరవై యూనిట్లు పడాల్సిన ఒక పెద్దాయనకి పడింది ఎనిమిదే.

మధ్యాహ్నానికి షుగర్ దిగకపోతే ఆరా తీసి కనిపెట్టారు. ఆయనకేం కాలేదు. కానీ ఇదే తిరగబడి, 100 వయల్‌ని రెడ్ సిరంజితో లాగి ఉంటే ఇరవైకి యాభై పడేది. ఆ లెక్క నా బుర్రలో నెలల తరబడి తిరిగింది.

ఇన్‌చార్జి సిస్టర్ నన్ను హాస్టల్ నుంచి పిలిపించి, వార్డు మధ్యలో, పేషెంట్ల వాళ్లంతా వింటుండగా, "మీ అమ్మ కువైట్‌లో అంట్లు తోమి ఫీజు కడుతుంటే నువ్విక్కడ మనుషుల్ని చంపుతున్నావా" అన్నారు. తప్పు నాదే, కాదనను. కానీ ఆ రెండు సిరంజిలూ పక్కపక్కన పెట్టి ఇదిగో ఇక్కడే పొరబడతారమ్మా అని చెప్పినవాళ్లు ఆ రోజు ఒక్కరూ లేరు. నర్సంటే ఓర్పుండాలి అని మాత్రం అందరూ చెప్పారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తర్వాత మొదలైంది. ఏడుపేమీ లేదు, అందుకే జబ్బనుకోలేదు. డ్యూటీకి గంట ముందు కడుపులో తిప్పి బాత్రూంకి పరుగు, కాన్యులా (సెలైన్ కోసం నరంలోకి ఎక్కించే సన్న గొట్టం) పట్టుకుంటే వేళ్లు వణకడం, ఒకే మందు లేబుల్ నాలుగైదుసార్లు చదివి మళ్లీ వెనక్కొచ్చి చదవడం, పగలు పడుకుంటే నిద్రలో కూడా సెలైన్ చుక్కలు లెక్కపెట్టడం. బరువు ఆరు కిలోలు తగ్గాను. నైట్ డ్యూటీలు కదా, తిండి సరిగ్గా లేదు కదా అనుకున్నాం అందరం. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఆసక్తి పోతే డిప్రెషన్ అయి ఉండొచ్చని వైవాలో గడగడా చెప్పి మార్కులు తెచ్చుకున్నది నేనే. బస్సు సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన ఎక్కినప్పుడల్లా ఒక ఆలోచన వచ్చేది. దాన్ని ఇక్కడ విడమర్చి రాయను.

ఆ ఆలోచన సంగతి ఒక రాత్రి నా రూమ్మేట్‌కి నోరు జారి చెప్పేశాను. అది ఇంకేమీ అడక్కుండా 14416 కొట్టి, స్పీకర్ పెట్టి, ఫోన్ నా ఒళ్లో పడేసింది. అది టెలీమానస్ నంబర్, మనసు బాగోలేనివాళ్ల కోసం పెట్టిన హెల్ప్‌లైన్, ప్రభుత్వానిది, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది. అవతలివాళ్లు తెలుగులోనే మాట్లాడారు. ఒంటరిగా ఉండొద్దన్నారు, ఇంట్లో చెప్పమన్నారు, డాక్టర్‌కి చూపించుకోమన్నారు. తెల్లారి బయల్దేరాను.

గోదావరికి వరదొచ్చిన రోజులవి. మా లంకకి వెళ్లే కాజ్‌వే మునిగిపోతే నాన్న రేవు దాకా పడవ కట్టించుకుని వచ్చాడు. నాన్న కొబ్బరి దింపు తీస్తాడు, రోజుకి ఎన్ని చెట్లు ఎక్కుతాడో ఆయనకే లెక్కుండదు. పడవలోనే చెప్పాను. కాసేపు నీళ్లకేసి చూసి, "డాక్టరంటే... పిచ్చి డాక్టరేనామ్మా?" అన్నాడు. అవునన్నాను. "సరే, ఏ ఊళ్లో ఉంటాడు?" అన్నాడు. అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. అదీ తీయించుకున్నాను, పోయేదేముంది.

రాజమండ్రిలో డాక్టర్ గారు ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించమన్నారు. థైరాయిడ్ బాగానే ఉంది, రక్తం తక్కువ. డిప్రెషన్, దానితోపాటు యాంగ్జైటీ అని చెప్పి ఒక మాత్ర మొదలుపెట్టారు. ఇది అలవాటుపడే మందు కాదు, కానీ మీ అంతట మీరు ఆపొద్దు, పని చెయ్యడానికి వారాలు పడుతుంది అన్నారు. నాన్న ప్రతిదానికీ "ఆయ్, ఆయ్ అండీ" అంటూ కూర్చున్నాడు. మొదటి వారం వికారం, తలనొప్పి, ఇంకా అన్యాయంగా ఉంది. నాలుగో వారంలో ఒకరోజు మధ్యాహ్నం నాన్న పులస కాదు గానీ మామూలు చేపలే పులుసు పెట్టిస్తే, రెండోసారి అన్నం పెట్టుకున్నాను. నాకు తెలియనేలేదు, అమ్మమ్మ చూసి చెప్పింది.

అమ్మకి చెప్పడమే కష్టమైంది. వీడియో కాల్‌లో చూసి, "చదువు పోతే పోయింది, నేనింకో రెండేళ్లు ఇక్కడే ఉంటాను, నువ్వు తిను" అంది. మొత్తం ఆ జబ్బులో నేను ఏడ్చింది అప్పుడే.

ఏడు వారాలకి తిరిగి వెళ్లాను. మొదటి నెల నైట్లు వద్దని డాక్టర్ గారి లెటర్ ఇస్తే సణిగారు గానీ ఒప్పుకున్నారు. కౌన్సెలింగ్‌కీ వెళ్లాను, అక్కడ నేర్పిన శ్వాస వ్యాయామం నాకు పెద్దగా పట్టలేదు. లేబుల్ ఒక్కసారి పైకి చదివి, చార్టులో టిక్కు పెట్టి కదిలిపోవడం మాత్రం పట్టింది. అన్నిటికన్నా పనికొచ్చింది ఒక సీనియర్ సిస్టర్ చేసినది. నా సంగతి తెలిసో తెలియకో, ఒక మధ్యాహ్నం ఉత్త స్టెరైల్ వాటర్ సీసా, రెండు సిరంజిలూ తెచ్చి, "రా, లాగు" అన్నారు. రెండింట్లోనూ ఇరవై దాకా లాగించి పక్కపక్కన పట్టుకుని చూపించారు. ఒకదాంట్లో నీళ్లు సగానికి వచ్చాయి, ఇంకోదాంట్లో అడుగున ఉన్నాయి. పది నిమిషాలు పట్టిందేమో. మనసు గురించి ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రాత్రి చుక్కలు లెక్కపెట్టకుండా పడుకున్నాను.

మాత్రలు పదకొండు నెలలు వాడాను. డాక్టర్ గారే కొంచెం కొంచెం తగ్గించి ఆపేశారు. నాన్న ఇప్పటికీ రోజూ రాత్రి ఫోన్ చేసి "మాత్ర వేసుకున్నావా" అంటాడు. ఆపేసి రెండు నెలలైంది కదా నాన్నా అంటాను. ఓహో అవును కదూ అంటాడు. మర్నాడు మళ్లీ అడుగుతాడు.