కొత్త పీసీలో వాలొరాంట్ గేమ్ నడుస్తదా అని చూసుకునుడుకే నాలుగు రోజులు పట్టింది

పోయిన నెల సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ సామాన్ల మార్కెట్) పీసీ అసెంబుల్ చేయించిన. మాది హన్మకొండ, అంటే పొద్దున ట్రైన్ ఎక్కి పోయి, రాత్రికి ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని తిరిగొచ్చుడు. బడ్జెట్ తక్కువ, అందుకే గ్రాఫిక్స్ కార్డ్ తీస్కోలే, రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీస్కున్న, దాంట్లోనే వేగా గ్రాఫిక్స్ ఉంటది కదా, కార్డ్ తర్వాత పెట్టుకోవచ్చని. నేను, మా తమ్ముడు ఆడేది వాలొరాంట్, అప్పుడప్పుడు కౌంటర్ స్ట్రైక్ 2, అంతే.

కొనేముందు చూస్కోలేదా అంటే చూస్కున్న. వాలొరాంట్‌కి 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) రావాలంటే 4 జీబీ ర్యామ్, ఇంటెల్ హెచ్‌డీ 4000 చాలని గేమ్ కంపెనీ వాళ్ళే రాసిండ్రు, అది 2012 నాటి గ్రాఫిక్స్. షాపాయన కూడా "కండ్లు మూసుకుని ఆడుకో తమ్మీ" అన్నడు.

ఇంటికొచ్చి గేమ్ ఓపెన్ చేస్తే వాన్ 9001 అని ఎర్రర్. విండోస్ 11లో ఆడాలంటే వాంగార్డ్‌కి, అదే మోసం చేసేటోళ్ళని పట్టే వాళ్ళ యాంటీ చీట్‌కి, టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్), సెక్యూర్ బూట్ రెండూ ఆన్ ఉండాలట. రన్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 కొట్టి చూస్తే బయోస్ మోడ్ లెగసీ అని ఉంది, అంటే పాత పద్ధతిల బూట్ అవుతుంది, దాంట్ల సెక్యూర్ బూట్ పనిచేయదు. విండోస్ 11 మామూలుగా అయితే అట్ల ఎక్కదు, షాపాయన పెన్‌డ్రైవ్‌ల ఆ చెకింగ్ తీసేసిన విండోస్ ఉన్నట్టుంది, అదే అందరికీ ఎక్కిస్తున్నడేమో. సరే అని బయోస్‌లోకి (మదర్‌బోర్డ్ సెట్టింగులు) పోయి సీఎస్ఎం, అదే పాత పద్ధతి బూట్ ఆప్షన్, ఆఫ్ చేసిన, పీసీ బూటే కాలే, పాణం పోయినంత పనైంది, మల్ల ఆన్ చేస్తే వచ్చింది. డిస్క్ ఎంబీఆర్‌లో (పాత పార్టిషన్ పద్ధతి) ఉంటే యూఈఎఫ్ఐలో (కొత్త బూట్ పద్ధతి) బూట్ కాదని అప్పుడు తెలిసింది, ముందు దాన్ని జీపీటీకి, అదే కొత్త పార్టిషన్ పద్ధతికి, మార్చాలె. విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అని కమాండ్ ఉంది, మల్ల ఫార్మాట్ కొట్టే పనిలేదు, గాని ముందు వ్యాలిడేట్ చేసి ఓకే అంటేనే కన్వర్ట్ కొట్టాలె. కొత్త పీసీ, పోతే పోయేదేం లేదని నేను కొట్టేసిన. తర్వాత సీఎస్ఎం ఆఫ్, ఎఫ్‌టీపీఎం ఆన్ (టీపీఎంకి ఏఎండీ పేరు, ఇంటెల్ వాళ్ళకి పీటీటీ అని ఉంటది), సెక్యూర్ బూట్ ఆన్. రాత్రి ఒంటిగంటకు గేమ్ ఓపెన్ అయింది!

అయితే ఏంది, ప్రాక్టీస్ రేంజ్‌లో బాగానే ఉంది గాని అసలు మ్యాచ్‌లో నలుగురు ఒక్క దగ్గర చేరి స్మోక్ (గేమ్‌ల పొగ) పడితే ఎఫ్‌పీఎస్ 50కి పడిపోతుంది. రెండ్రోజులు డ్రైవర్లు, సెట్టింగులు గెలికి గెలికి, ఆఖరికి టాస్క్ మేనేజర్‌లో మెమరీ చూస్తే స్లాట్లు రెండిట్ల ఒకటి. 16 జీబీ ఒకే స్టిక్ పెట్టిండు. ఈ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామే వాడుకుంటది, ఒక్క స్టిక్ అంటే సింగిల్ చానెల్, సగం దారి మూసేసినట్టే. ఫోన్ చేస్తే "16 అంటే 16యే కదా తమ్మీ, దాంట్ల తేడా ఏముంటది" అంటడు. మల్ల ట్రైన్ ఎక్కిన. 8 జీబీవి రెండు మార్పించుకుని, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని పూర్తి స్పీడ్‌ల నడిపే సెట్టింగ్) ఆన్ చేసి 3200కి పెడితే, అదే మ్యాప్‌లో 120కి తగ్గలే.

పింగ్ (సర్వర్‌కి పోయి వచ్చేందుకు పట్టే టైమ్, మిల్లీసెకన్లలో) సంగతి వేరే. ముంబై సర్వర్‌కి ల్యాన్ కేబుల్ పెడితే 30 చుట్టే ఉంటది, వైఫైలో మాత్రం వంద దాకా ఎగురుతుంది, మా ఇంట్ల రౌటర్ హాల్‌లో, పీసీ లోపలి గదిలో. పదిహేను మీటర్ల కేబుల్ తెచ్చి గోడ ఎంబడి గుంజిన, అమ్మ ఇప్పటికీ తిడుతుంది.

పైసలు పెట్టి కొనే గేమ్ అయితే నేను ఇప్పుడు చేసేది ఒక్కటే, స్టీమ్‌లో (ఆన్‌లైన్ గేమ్ షాప్) కొనుడు, గంట ఆడుడు, నడవకపోతే వాపస్. కొన్న 14 రోజుల లోపల, రెండు గంటలు దాటకుండా ఆడి ఉంటే రీఫండ్ ఇస్తరు.

కౌంటర్ స్ట్రైక్ 2 అయితే లో సెట్టింగ్స్‌ల పెట్టినా స్మోక్ పడితే 40. దానికి కార్డ్ కొనాల్సిందే, దసరా దాకా ఆగుత.