1965లో టాల్ గుర్రం, గెల్లర్ మంత్రి

నాకౌట్ చెస్‌లో మంచి ఎటాకింగ్ గేమ్స్ రావు, ఓడితే మూటాముల్లె సర్దుకోవాలి కాబట్టి అందరూ భయంభయంగా ఆడి డ్రాలు చేసుకుని టైబ్రేక్‌కి పోతారు అనే మాట 2025 నవంబర్‌లో గోవా వరల్డ్ కప్ నడుస్తున్నంత కాలం విన్నాను. కొంత నిజమే. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి క్వార్టర్ ఫైనల్లో వెయ్ యీతో రెండు క్లాసికల్ (నిదానంగా ఆడే) గేమ్‌లూ డ్రా చేసుకుని, తర్వాత టైబ్రేక్‌గా పెట్టే ర్యాపిడ్‌లో (తక్కువ టైంలో వేగంగా ఆడే గేమ్‌లలో) ఓడి బయటికొచ్చాడు. ఆ రెండు డ్రాలూ చూసిన నాకు అర్జున్ మీద కోపం రాలేదు కానీ పద్ధతి మీద వచ్చింది. మ్యాచ్‌కి రెండే గేమ్‌లు, ఒకటి తెల్లపావులతో, ఒకటి నల్లపావులతో. ఒక్క తప్పు జరిగితే సరిదిద్దుకోవడానికి మిగిలేది ఒక్క గేమ్. పైగా వెనకాల ర్యాపిడ్ ఎప్పుడూ రెడీగా ఉంటుంది. అలాంటప్పుడు గుర్రాన్ని బలిచ్చి రాజు మీద పడదామని ఎవడికి బుద్ధి పుడుతుంది?

పుట్టినవాళ్లు లేకపోలేదు. 2017 తిబిలిసీ వరల్డ్ కప్ మూడో రౌండ్ తొలి గేమ్‌లో బూ షియాంగ్‌జి నల్లపావులతో ఆడుతూ, అప్పటి ప్రపంచ చాంపియన్ కార్ల్‌సన్ కోట మీదకి 15వ ఎత్తులోనే శకటుని (బిషప్‌ని) హెచ్3 గడి దగ్గర విసిరేశాడు (బోర్డు మీద నిలువు వరుసలు ఎ నుంచి హెచ్, అడ్డ వరుసలు 1 నుంచి 8). గెలిచాడు, రెండో గేమ్ డ్రా చేశాడు, కార్ల్‌సన్ ఇంటికి. కానీ ఇలాంటివి అరుదు. నా లెక్కలో తప్పు నాకౌట్‌ది కాదు, మ్యాచ్ పొట్టిదైపోవడమే అసలు జబ్బు. ఇలా ఎందుకంటున్నానో చెప్పాలంటే 1965కి వెళ్లాలి.

అంతకుముందు కథ రెండు ముక్కల్లో. 1962లో కురసావ్ దీవిలో క్యాండిడేట్స్ (ప్రపంచ చాంపియన్‌తో తలపడేవాడిని తేల్చే పోటీ) జరిగింది, ఎనిమిది మంది, ఒక్కొక్కరితో నాలుగేసి గేమ్‌లు. పెట్రోసియాన్, కెరెస్, గెల్లర్ అనే ముగ్గురు సోవియట్ ఆటగాళ్లూ తమలో తాము ఆడుకున్న 12 గేమ్‌లూ డ్రా అయ్యాయి. పన్నెండుకి పన్నెండు! అమెరికా ఆటగాడు ఫిషర్ ఊరుకుంటాడా, రష్యన్లు కుమ్మక్కయ్యారని అమెరికా పత్రికలో బాహాటంగా రాశాడు. ఆ గోలంతా అయ్యాక ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే, అందరూ అందరితో ఆడే రౌండ్ రాబిన్‌ని పక్కనపెట్టి క్యాండిడేట్స్‌ని నాకౌట్ మ్యాచ్‌లుగా మార్చింది. తమాషా ఏంటంటే ఇంత రచ్చ చేసిన ఫిషర్ ఆ సారి అసలు బరిలోనే లేడు, క్యాండిడేట్స్‌కి అర్హత ఇచ్చే 1964 ఆమ్‌స్టర్‌డామ్ ఇంటర్‌జోనల్‌కే వెళ్లలేదు.

మొత్తానికి ఎనిమిది మంది తేలారు: స్మిస్లోవ్, గెల్లర్, స్పాస్కీ, కెరెస్, టాల్, పోర్టిష్, లార్సెన్, ఇవ్‌కోవ్. క్వార్టర్, సెమీ పదేసి గేమ్‌ల మ్యాచ్‌లు, ఫైనల్ పన్నెండు. అంటే ఒక గేమ్ ఓడినా ప్రపంచం మునిగిపోదు, ఎదురుదెబ్బ కొట్టడానికి టైం ఉంటుంది. అదే సమయంలో ర్యాపిడ్ అనే మాటే లేదు, గెలవాలంటే నిదానం ఆటలోనే గెలవాలి. కురసావ్ డ్రాలకి మందుగా పెట్టిన ఈ పద్ధతి మొదటి డోసుకే పనిచేసిందనిపిస్తుంది ఆ గేమ్‌లు చూస్తే.

ముందు గెల్లర్ గురించి. టాల్ అంటే అందరికీ తెలుసు, గెల్లర్ పేరు మాత్రం మన దగ్గర పెద్దగా వినపడదు, అది అన్యాయం. మాస్కోలో జరిగిన క్వార్టర్ ఫైనల్లో ఆయన ఎదురుగా కూర్చున్నది మాజీ ప్రపంచ చాంపియన్ స్మిస్లోవ్. ఐదో గేమ్. స్మిస్లోవ్ నల్లపావులతో గ్రున్‌ఫెల్డ్ అనే ఓపెనింగ్ (ఆట ఆరంభపు ఎత్తుల వరస) ఆడాడు, అందులోనూ తన పేరు మీదున్న వేరియేషనే ఎంచుకున్నాడు. గెల్లర్ తొందరపడలేదు. ఎఫ్ బంటుని ముందుకి తోశాడు, శకటుని హెచ్6లో పెట్టాడు, స్మిస్లోవ్ తన శకటుని మార్పిడి చేసుకోకుండా హెచ్8 మూలకి లాక్కున్నాడు. ఈ మూల సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత మంత్రి (క్వీన్) ఎఫ్4కి, గుర్రం ఈ4కి, రెండు ఏనుగులూ (రూక్‌లు) ఎఫ్ వరుసలోకి వచ్చాయి. 24వ ఎత్తులో స్మిస్లోవ్ ఈ4 గుర్రాన్ని ఏనుగుతో కొట్టాడు. ఇప్పుడు ఆ ఏనుగు ఎఫ్4లో ఉన్న తెల్లమంత్రిని కూడా చూస్తోంది. మీరూ నేనూ అయితే శకటుతో ఆ ఏనుగుని కొట్టేసి ఊపిరి పీల్చుకుంటాం.

గెల్లర్ బంటుతో జి6 కొట్టాడు. మంత్రిని అలాగే వదిలేశాడు!

కొడితే ఏమవుతుందో చూడండి. ఏనుగు ఎఫ్4లో మంత్రిని తీసుకుంటే, తెల్లబంటు హెచ్7 కొట్టి చెక్. ఆ బంటుకి సి2 శకటు కాపలా. రాజు ఎఫ్8కి, జి7కి పోలేడు, హెచ్6 శకటు రెండింటినీ కాస్తోంది. హెచ్8 మూలకి పోదామంటే అక్కడ తన సొంత శకటే కూర్చుని ఉంది. ఆటకట్టు. ఒక బంటు, రెండు శకటులు, మంత్రి లేకుండానే పని అయిపోయింది. స్మిస్లోవ్‌కి ఇది కనపడింది కాబట్టి మంత్రి జోలికి పోకుండా బంటుని ఎఫ్6కి తోశాడు. ఇక్కడే నాకు ఇంకా నచ్చే ఎత్తు ఒకటుంది. 27వ ఎత్తులో, బోర్డంతా నిప్పంటుకుని ఉంటే, గెల్లర్ రాజుని హెచ్1 నుంచి జి1కి జరిపాడు. అంతే. బి7 శకటు వాలుగా ఆ మూలనే గురిపెట్టి ఉంది, అక్కడి నుంచి రాజు తప్పుకుంటే ఇక నల్లపావులకి ఎదురుదాడి అనేదే లేదు. దాడి మధ్యలో ఒక్క క్షణం ఆగి ఇల్లు సర్దుకోవడం చాలా కష్టం, ఆన్‌లైన్ బ్లిట్జ్ ఆడే ఎవర్ని అడిగినా చెబుతారు. 31 ఎత్తుల్లో గేమ్ అయిపోయింది, మ్యాచ్ కూడా గెల్లర్ 5.5-2.5తో సులువుగా పట్టుకెళ్లాడు.

రీగాలో స్పాస్కీ, కెరెస్ మ్యాచ్ ఇంకో రకం. తొమ్మిది గేమ్‌లయ్యేసరికి స్పాస్కీ 5-4తో ముందున్నాడు, చివరి గేమ్ తెల్లపావులతో గెలిస్తేనే కెరెస్‌కి బతుకు. ఇవాళ అయితే నల్లపావులవాడు బోర్డు మీద గోడ కట్టేసి కూర్చుంటాడు. స్పాస్కీ కింగ్స్ ఇండియన్ అనే ఓపెనింగ్ ఆడాడు, కెరెస్ నాలుగు బంట్లనీ ముందుకి తోసి మీదకొచ్చాడు. బంటుని ఈ6 దాకా నెట్టాడు కూడా. స్పాస్కీ వెనక్కి తగ్గకుండా ఎఫ్4లో శకటుని ఏనుగుతో కొట్టి, ఎ8 ఏనుగుని వదిలేశాడు. కెరెస్ మంత్రి ఆ ఏనుగుని తిని, ఆ తర్వాత చాలా ఎత్తుల పాటు ఎ వరుసలోనే తచ్చాడింది, ఈలోపు నల్ల గుర్రాలూ శకటులూ బోర్డు మధ్యకి వచ్చి కూర్చున్నాయి. డ్రా చాలు అనుకోవాల్సినవాడే గెలిచాడు, 6-4.

ఇక టాల్. 1960లో బోత్విన్నిక్‌ని ఓడించి ప్రపంచ చాంపియన్, 1961లో రిటర్న్ మ్యాచ్‌లో ఆ కిరీటం పోయింది, 1962 కురసావ్‌లో కిడ్నీ జబ్బు ముదిరి టోర్నీ మధ్యలోనే ఆసుపత్రి పాలయ్యాడు. 1965కి ఆయన వయసు ఇంకా ముప్పై కూడా దాటలేదు, చెబితే నమ్మబుద్ధి కాదు. ఆయన మ్యాచ్‌లు యుగోస్లావియాలోని బ్లెడ్‌లో, సరస్సు పక్కన.

పోర్టిష్‌తో రెండో గేమ్‌లో, రాజు ఇంకా క్యాస్లింగ్ (రాజుని ఏనుగు చాటున దాచే ఎత్తు) చేయలేదని చూసి, 16వ ఎత్తులో ఏనుగుతో ఈ6 బంటుని కొట్టాడు, చెక్. బదులుగా మంత్రితో ఇంకో చెక్, రాజు ఎఫ్8కి. దాడి అంతా ఎటు పోతుందా అని చూస్తుంటే, ఆ గలాటాలో ఒక తెల్లబంటు సి వరుస నుంచి బి6 మీదుగా ఎ7కి చేరి కూర్చుంది, ఇంకొక్క అడుగేస్తే మంత్రి. 27 ఎత్తుల్లో పోర్టిష్ చేతులెత్తేశాడు. సరిగ్గా ఆడితే ఆయన నిలబడగలిగేవాడని తర్వాత విశ్లేషణల్లో తేలింది. టాల్ గేమ్‌ల మీద ఈ మాట ఎప్పుడూ వస్తుంది, నాకు ఎప్పుడూ చిరాకే. బోర్డు ముందు గడియారం పెట్టుకుని కూర్చున్న పోర్టిష్‌కి ఆ విశ్లేషణ ఎవరిచ్చారు? కంప్యూటర్ ఇంజిన్‌కి టెన్షన్ ఉండదు.

సెమీ ఫైనల్లో లార్సెన్. ఈయన డెన్మార్క్ మనిషి, ఎవరికీ భయపడని రకం, డ్రా అంటే ఒళ్లుమంట. ఈ మ్యాచ్‌లో ముందు జరిగిన ఒక సంగతి చెప్పకపోతే చివరి గేమ్ రుచి తెలీదు. ఒక గేమ్‌లో లార్సెన్ అలేఖిన్ డిఫెన్స్ అనే ఓపెనింగ్ ఆడితే, ఆరో ఎత్తులోనే టాల్‌కి ఎఫ్7 దగ్గర గుర్రాన్ని బలిచ్చే అవకాశం వచ్చింది. కొడితే నల్లరాజు ఈ6 దాకా వీధిలోకి రావాల్సిందే. టాల్ చాలాసేపు ఆలోచించాడు. లెక్క పూర్తిగా తేలలేదు, వదిలేసి శకటుని మామూలుగా సి4కి తెచ్చాడు. టాల్ అంటే కళ్లు మూసుకుని పావులు విసిరేవాడు అనుకునేవాళ్లకి ఈ ఒక్క ఎత్తు చూపించాలి.

తొమ్మిది గేమ్‌లు, 4.5-4.5. పదో గేమ్‌లో టాల్‌కి తెల్లపావులు, లార్సెన్ ఎంచుకున్నది సిసిలియన్ ఓపెనింగ్. టాల్ రాజు సి1 వైపు, లార్సెన్ రాజు జి8 వైపు, అంటే ఎవరి బంట్లు ముందు చేరితే వాళ్లది ఆట. టాల్ జి బంటుని తోసి గుర్రాన్ని తరిమాడు, లార్సెన్ బి బంటుని బి4కి తోసి సి3 గుర్రాన్ని తరిమాడు. గుర్రం వెనక్కి వెళ్లాలి. 16వ ఎత్తులో అది ముందుకి, డి5కి వెళ్లింది.

బంటుతో కొట్టేయొచ్చు, లార్సెన్ కొట్టాడు కూడా. టాల్ తిరిగి బంటుతో కొట్టాడు, గుర్రం పోయి ఒకే ఒక్క బంటు దక్కింది. చెక్ లేదు, వెంటనే ఆటకట్టు లేదు. దక్కిందల్లా తెరుచుకున్న 'ఈ' అక్షరపు నిలువు వరుస, నల్లరాజు వైపు గురిపెట్టిన రెండు శకటులు, ఒకటి డి4లో, ఒకటి డి3లో. హెచ్7 మీద ఒకటీ జి7 మీద ఒకటీ, రెండు శకటులనీ బలిచ్చి రాజుని నడివీధికి లాగాలనేది ఆ బెదిరింపు. పూర్తిగా లెక్కపెట్టలేని బలి ఇది. ఆరో ఎత్తులో ఎఫ్7 కొట్టకుండా వదిలేసిన మనిషే, సెమీ ఫైనల్ చివరి గేమ్‌లో, స్కోర్ సమంగా ఉన్నప్పుడు దీన్ని ఆడాడు! నేను దీన్ని పిచ్చి ధైర్యం అనను. తొమ్మిది గేమ్‌లు ఎదురుగా కూర్చున్నాక లార్సెన్ ఎక్కడ తడబడతాడో టాల్‌కి బాగా తెలిసి ఉంటుందని నా ఊహ. రెండు గేమ్‌ల మ్యాచ్‌లో అంత పరిచయం ఎక్కడ కుదురుతుంది?

లార్సెన్ ఎఫ్ బంటుని ఎఫ్5కి తోశాడు, హెచ్7కి అడ్డం పడింది. జి6 మెరుగని తర్వాత చెప్పారు. టాల్ ఏనుగుని ఈ1కి తెచ్చి ఈ7 శకటు మీద పెట్టాడు, హెచ్ బంటుని తోశాడు, సమయం చూసి ఎఫ్5 మీద శకటుని కూడా వేసి ఈ7 కొట్టేశాడు. అక్కడి నుంచి లార్సెన్ గొప్పగానే పోరాడాడు, ఏనుగుని ఎఫ్4, ఎఫ్3 అంటూ టాల్ మంత్రి వెంటపడేలా తిప్పాడు, చివర్లో రెండు చెక్‌లు కూడా ఇచ్చాడు. 34వ ఎత్తులో టాల్ ఇంకో శకటుని సి5లో పళ్లెంలో పెట్టినట్టు ఇచ్చాడు, మంత్రి దాన్ని తినగానే ఏనుగు ఈ8కి చెక్, మంత్రి ఈ6కి చెక్, రాజు మూలకి, మంత్రి ఎఫ్7కి. 37 ఎత్తులు. లార్సెన్ గడియారం ఆపేశాడు.

ఫైనల్ తిబిలిసీలో, స్పాస్కీతో. అంత అందమైన దారిలో వచ్చిన టాల్‌ని స్పాస్కీ మార్షల్ గాంబిట్‌తో కట్టేశాడు, అంటే బంటు తానే ముందుగా ఇచ్చేసి దాడి తన చేతుల్లోకి తీసుకున్నాడు, టాల్ రాజు ముందు బంటుని ఈ4కి తోసి ఆట మొదలుపెడితే సుఖం లేకుండా చేశాడు. ఎనిమిది గేమ్‌ల దాకా సమానం, తర్వాత 9, 10, 11 వరసగా స్పాస్కీవే, 7-4. ఒకరకంగా ఎటాకర్‌ని ఎటాకింగ్ ఓపెనింగ్‌తోనే ఓడించడం అన్నమాట. లార్సెన్ కూడా ఊరుకోలేదు, 1969లో మూడో స్థానం మ్యాచ్‌లో టాల్‌ని 5.5-2.5తో చిత్తు చేశాడు.

ఈ గేమ్‌లన్నీ ఏ చెస్ డేటాబేస్‌లో వెతికినా దొరుకుతాయి. ఒకటే చూసే టైం ఉంటే టాల్‌ది వదిలేసి గెల్లర్‌ది చూడండి. ఇంజిన్ ఆఫ్ చేసి, 24వ ఎత్తు దగ్గర ఆగి, తెల్లపావులతో మీరేం ఆడతారో ముందు కాగితం మీద రాసుకోండి.