వాడు కాదంటే మరి ఎవరు?

మిస్టరీల్లో నాకు బాగా నచ్చే రకం ఒకటుంది. కేసు ఎప్పుడో అయిపోయింది, తీర్పూ వచ్చేసింది, ఆ ఇంటివాళ్లు ఏడ్చి ఊరుకుని ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. అప్పుడు ఎవరో వచ్చి ఆ హత్య మీవాడు చేయలేదండీ అంటారు.

అగాథా క్రిస్టీ 1958 నవల 'ఆర్డీల్ బై ఇన్నొసెన్స్' ఇదే. పెంచిన తల్లిని చంపాడని శిక్ష పడిన కుర్రాడు జైల్లోనే న్యుమోనియాతో పోతాడు. హత్య వేళకి వాణ్ణి కారెక్కించుకున్న పెద్దమనిషి దెబ్బ తగిలి ఆ సంగతే మర్చిపోయి, అంటార్కిటికా వెళ్లి, తిరిగొచ్చాక విషయం తెలిసి, పాపం వాళ్లు సంతోషిస్తారనుకుని ఆ ఇంటికి వెళతాడు. ఒక్కరికీ సంతోషం లేదు. ఎలా ఉంటుంది? వాడు కాదంటే ఇంట్లోవాళ్లలోనే ఎవరో ఒకరు. హంతకుడెవరో చెప్పను, చదువుకోండి.

మన దగ్గర ఇందుకు పూర్తిగా తిరగబడిన నిజం కేసు ఉంది. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007లో ఒక విద్యార్థిని హత్య, 2010లో ఒక కుర్రాడికి శిక్ష, 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. వాడు కాదని గట్టిగా చెప్తూ వచ్చింది ఎవరనుకున్నారు, చనిపోయిన అమ్మాయి తల్లిదండ్రులే!

అందరు ఇంటివాళ్లూ అలా ఉండరు కదా. చిత్తూరు పక్కన తోతాపురి తోట ఉన్న పెద్దాయన అనుకోండి, స్వార్జితం, వీలునామా లేదు. ఆయన్ని ఎవరో చంపారు. తాగి ఊరంతా గొడవపడే, పెళ్లికాని చిన్నకొడుకు మీద కేసు. నాయనతో చివరగా వాణ్ణే చూశానని వాడి అన్నే సాక్ష్యం చెప్పాడు, అది అబద్ధం కూడా కాదు, ఆ తర్వాత తోటకి ఇంకెవరైనా వెళ్లారా అని ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు, అంతే. పోలీసుల దగ్గర ఒప్పుకుంటే కోర్టులో చెల్లదుగానీ, వాడు చెప్పిన చోట వస్తువు దొరికితే అంతవరకు చెల్లుతుంది. మోటారు షెడ్డు వెనక కొడవలి దొరికింది. పంచనామా మీద సంతకం పెట్టిన ఇద్దరిలో ఒకడు అన్న బావమరిది.

ఇక్కడే అసలు కిటుకు. 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 25 ప్రకారం, చంపినవాడికి చనిపోయినవాళ్ల ఆస్తిలో వారసత్వం రాదు. అంటే వీడికి శిక్ష పడితే తోటలో ఒక వాటా తగ్గినట్టే. హంతకుడు కానివాళ్లకి కూడా తీర్పు కలిసొస్తుంది, నోరు మూసుకుంటే చాలు! ఇంత మంచి పాయింటు మన కథల్లో ఎందుకు వాడరో నాకర్థం కాదు, నేను చదివినవాటిలో డిటెక్టివ్ ఎప్పుడూ తీర్పుకి ముందే దిగిపోతాడు.

నేనైతే డిటెక్టివ్‌ని పెట్టను. తిరుపతిలో కాపురముండే అక్కని పెడతా. తన వాటా డబ్బుతో తిరుచానూరు రోడ్డులో ఇల్లు కట్టుకుంది, తమ్ముడంటే ప్రాణమే, వాళ్లమ్మని కడప సెంట్రల్ జైలుకి ములాఖత్‌కి తీసుకెళ్లేదీ తనే. ఆ రాత్రి మీ తమ్ముణ్ణి పలమనేరు దాకా నేనే ఎక్కించుకున్నానని ఒక లారీ డ్రైవరు ఆమె ఇంటికే వస్తాడు. ఆమె ముందు ఫోన్ చేసేది లాయరుకా, అన్నకా అన్నది తేలితే మిగతా కథ రాసేయొచ్చు. నాకైతే అన్నకే చేస్తుందనిపిస్తోంది.